బ్రోచరులో సముద్రం, వారంటీలో మినహాయింపు: టియర్‌డ్రాప్ ట్రైలరుపై ఫిర్యాదు

శ్రీకాకుళం,
డిసెంబరు 12.

కస్టమర్ సర్వీసు విభాగాధిపతి గారికి,

విషయం: మీ వద్ద కొన్న టియర్‌డ్రాప్ ట్రైలరు మొదటి ప్రయాణంలోనే వెనుక తలుపు నుంచి కారడం, చక్రం హబ్బు (చక్రం తిరిగే మధ్యభాగం) వేడెక్కడం, వారంటీ నిరాకరణపై అభ్యంతరం.

ఆర్యా,

అక్టోబరు రెండో వారంలో 6,40,000 రూపాయలు పూర్తిగా చెల్లించి, మీ కంపెనీ తయారుచేసిన ఇద్దరు పడుకునే టియర్‌డ్రాప్ ట్రైలరును, అంటే కారు వెనుక తగిలించి లాగుకెళ్లే కన్నీటిబొట్టు ఆకారపు పడకబండిని, కొన్నాను. అది నా గ్రాట్యుటీ సొమ్ము. మొదటి ప్రయాణంలో బయటపడిన లోపాలను ఫొటోలతో సహా మీకు తెలియజేస్తే, డిసెంబరు 4న మీ సర్వీసు విభాగం నుంచి రెండు వాక్యాల ఈమెయిలు వచ్చింది. ట్రైలరును తీరప్రాంతంలో నిలిపినందున తేమ, తుప్పు కారణంగా కలిగిన నష్టాలకు వారంటీ వర్తించదని అందులో ఉంది. తప్పు జరిగింది, సరిచేస్తాం అని ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. నీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి కూడా చూడకుండా నెపాన్ని సముద్రం మీదికి నెట్టారు గనుక, జరిగినదంతా వరుసగా రాయవలసి వస్తోంది.

కార్తీకమాసంలో ఏటా మేము సముద్రతీరంలోని బారువ దగ్గర మా పినతండ్రి కుమారుడి కొబ్బరితోటలో వనభోజనాలకు వెళ్తాం. ఆ తోటలో ఉసిరిచెట్టు ఉంది, మంచినీళ్ల బోరు ఉంది, రాత్రి ఉండటానికి మాత్రం చోటు లేదు. ఈసారి మీ ట్రైలరు ఉంది కదా అని, మా దంపతులం ఆరేళ్ల మనవరాలిని తీసుకొని రెండు రాత్రులు అక్కడే గడపాలని బయలుదేరాం. కారుకు 50 మిల్లీమీటర్ల బాల్ ఉన్న హిచ్ (ట్రైలరును తగిలించే కొక్కెం) బిగించడం, సేఫ్టీ గొలుసులను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేసి తగిలించడం, ఏడు పిన్నుల ప్లగ్గు పెట్టి బ్రేకు లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోవడం, ఇవన్నీ మీ మాన్యువల్‌లో ఉన్న క్రమంలోనే చేశాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. మాన్యువల్ చదవలేదని నన్ను ఎవరూ అనలేరు.

నరసన్నపేట దాటి జాతీయ రహదారిపై టెక్కలి వైపు వెళ్తూ టీ కోసం ఆగినప్పుడు ట్రైలరు ఎడమ చక్రం దగ్గర మాడిన వాసన వచ్చింది. హబ్బు మూతపై చెయ్యి పెట్టలేకపోయాను. కుడివైపుది గోరువెచ్చగా మాత్రమే ఉంది. మేము గంటకు 55 కిలోమీటర్లు మించి పోలేదు. అక్కడికి దగ్గరలోని మెకానిక్కు మూత విప్పి, బేరింగును బయటికి తీసి, వెలుతురులో తిప్పి చూసి, "ఏటి మేస్టారూ, దీనికి గ్రీజు పెట్టేరా, బొట్టు పెట్టేరా?" అని అడిగాడు. రోలర్ల మీద గ్రీజు పూత కూడా సరిగా లేదు, ఒక అంచున మెరుపు పోయి నీలంగా కమిలిపోయింది. కొత్త బేరింగుకు, గ్రీజుకు, కూలికి కలిపి 2,850 రూపాయలు అయ్యాయి, ఎండలో మూడు గంటలు పోయాయి. బిల్లు, ఆ పాత బేరింగు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మేము టీకి ఆగకపోయి ఉంటే ఏమై ఉండేదో మీకు నేను వివరించనక్కరలేదు.

ఇక అసలు సంగతి. తోటలో ట్రైలరును స్పిరిట్ లెవెల్ పెట్టి సమంగా నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మెలు పెట్టాను. పగలంతా బాగానే గడిచింది. వెనుక తలుపు పైకెత్తితే కనిపించే వంటగూడు మా ఆవిడకు ఎంతో నచ్చింది, చుట్టాలందరూ వంతులవారీగా వచ్చి చూసి వెళ్లారు. మా మనవరాలు దానికి గుడ్డుబండి అని పేరు పెట్టింది. రాత్రి పదకొండు దాటాక అల్పపీడనపు వాన మొదలైంది. 2018లో తిత్లీ తుపానును పలాస, సోంపేట ప్రాంతాల్లో కళ్లారా చూసినవాళ్లం మేము; గాలి అంటే ఏమిటో, వాన అంటే ఏమిటో మాకు తెలుసు. ఆ రాత్రి గాలి లేదు. నిలువుగా, నిదానంగా, కొబ్బరి ఆకుల మీద చప్పుడు చేస్తూ పడిన మామూలు వాన అది.

రెండుంపావుకు మనవరాలు నన్ను లేపి "తాతా, దిండు చల్లగా ఉంది" అంది. లైటు వేసి చూస్తే తలవైపు పరుపు మూర వెడల్పున తడిసి ఉంది; వంటగూటికీ పడకకూ మధ్య ఉన్న పలక అడుగు నుంచి నీరు సన్నటి చారగా లోపలికి వస్తోంది. గొడుగు పట్టుకొని వెనక్కి వెళ్లి తలుపు ఎత్తాను. పై అరలో ఉంచిన ఉప్మా రవ్వ సంచీ నీళ్లు పీల్చి పిండిముద్ద అయింది. ఎడమ మూల నుంచి బొట్టు తరవాత బొట్టు ఆవకాయ జాడీ మూత మీద పడి, అక్కడి నుంచి అర మీదికి, అర నుంచి పలక కిందికి పాకుతోంది. అర్ధరాత్రి వేళ పిల్లను భుజాన వేసుకొని, ఫర్లాంగు దూరంలో ఉన్న మా తమ్ముడి ఇంటికి తడుస్తూ వెళ్లాం. రెండో రాత్రి ఉండనే లేదు.

ఇంటికి వచ్చాక కారణం వెతికాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగుకు సుద్ద రాసి, తలుపు మూసి, మళ్లీ తెరిచి చూశాను. బీడింగు ఎక్కడ ఆనుతోందో అక్కడ అంచు మీద తెల్లని గీత పడాలి. కింద, పక్కల గీత చక్కగా పడింది. పైన ఎడమ మూలలో మాత్రం నాలుగు అంగుళాల మేర ఏమీ లేదు. దగ్గరగా చూస్తే బీడింగు రెండు కొసలను కలిపిన చోటు సరిగ్గా అదే. ఆ కొసల మధ్య నేను చేత్తో పట్టుకున్న సుద్దముక్క దూరిపోయింది. ఇలాంటి అతుకును తలుపు అడుగున ఉంచితే నీరు చేరినా బయటికే పోతుంది. మీవాళ్లు దాన్ని అన్నిటికంటే ఎత్తైన చోట, కప్పు మీది నీరంతా వచ్చి చేరే కీలు పట్టీ పక్కన పెట్టారు. ఆ పట్టీ కింద ప్లైవుడ్ కోసిన అంచుకు రంగు గాని, వార్నిష్ గాని, మరే పూత గాని లేదు. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాను. 12 మిల్లీమీటర్లు ఉండవలసిన చెక్క ఆ మూలలో 14.6 మిల్లీమీటర్లకు ఉబ్బింది, పొరలు విడిపోవడం మొదలైంది. సుద్ద గీతల ఫొటోలు, కొలతల ఫొటోలు నవంబరులోనే మీకు పంపాను.

ఇందులో సముద్రం ఎక్కడ ఉంది? ట్రైలరు నిలిపిన చోటు అలలకు కిలోమీటరున్నర దూరం. పడినది ఉప్పునీరు కాదు, వాననీరు. ఇదే వాన అరకులో పడినా, హైదరాబాదులో పడినా ఆ అతుకులో నుంచి ఇలాగే కారి ఉండేది. తుప్పు అన్న మాట నా ఫిర్యాదులో ఎక్కడా లేదు. అది మీరు తెచ్చిన మాట. పైగా, మీ బ్రోచరు మొదటి పేజీలో ఉన్న బొమ్మ ఏమిటో ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను: ఇసుకలో చక్రాలు దిగబడి నిలిచిన ఇదే ట్రైలరు, వెనుక తలుపు ఎత్తి ఉంది, పదడుగుల దూరంలో అల. తీరానికి తీసుకువెళ్లకూడని బండి అయితే ఆ బొమ్మ ఎందుకు వేశారు? బొమ్మ నిజమైతే ఆ మినహాయింపు ఎలా పెట్టారు? మీరు ట్రైలరును అప్పగించిన చిరునామా శ్రీకాకుళం. 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లా ఇది. ఇక్కడివారికి అమ్మేటప్పుడు సొమ్ము తీసుకోవడానికి అడ్డురాని తీరం, మరమ్మతు అడిగినప్పుడు అడ్డువస్తోంది.

ఈమెయిలు రాకముందు మీ సర్వీసు ప్రతినిధితో ఐదుసార్లు ఫోనులో మాట్లాడాను. మనిషి మర్యాదస్థుడే, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే చివరిసారి, ట్రైలరును నేనే లాగుకొని మీ ఫ్యాక్టరీకి తెస్తే పరిశీలించి, ఖర్చు ఎంతవుతుందో చెబుతామన్నారు. టెక్కలి దాకా సరిగా నడవని చక్రంతో రాష్ట్రం దాటి రమ్మంటున్నారన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

నేను కోరుతున్నవి ఇవి. మీ సిబ్బంది శ్రీకాకుళం వచ్చి, లేదా మీ ఖర్చుతో ట్రైలరును తీసుకువెళ్లి, వెనుక తలుపు బీడింగును అతుకు అడుగున ఉండేలా కొత్తది వేయాలి. ఉబ్బిన ప్లైవుడ్ పలకను, మధ్యపలకను మార్చి, అంచులన్నిటికీ నీరు పీల్చని పూత వేయాలి. కుడి చక్రం హబ్బును కూడా విప్పి చూపించాలి. బేరింగుకు అయిన 2,850 రూపాయలు, బూజు పట్టి పారవేయవలసి వచ్చిన పరుపు ఖరీదు 11,500 రూపాయలు తిరిగి ఇవ్వాలి. పని పూర్తయ్యాక, నా ఎదుట అరగంట సేపు గొట్టంతో తలుపు మీద నీళ్లు కొట్టి చూపించిన తరువాతే నేను సంతకం చేస్తాను. రవ్వకు, ఆవకాయకు నేను లెక్క కట్టడం లేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. అది రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేయించి, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్తాను. కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలును ఆ చట్టంలోని 34వ సెక్షను కల్పిస్తోంది గనుక మీ ఊరికి రావలసిన అవసరం నాకు ఉండదు. సరుకు గురించి తప్పుదారి పట్టించే ప్రకటన అంటే ఏమిటో అదే చట్టం 2వ సెక్షనులో నిర్వచించింది. మీ బ్రోచరు మొదటి పేజీని, మీ ఈమెయిలును పక్కపక్కన పెట్టి దాఖలు చేస్తాను.

ట్రైలరును ప్రస్తుతం మా పెరట్లో టార్పాలిన్ కప్పి ఉంచాను. తలుపు ఆ మూలలో మరింత ఉబ్బి, సగం వరకే మూసుకుంటోంది. పరిశీలనకు ఎవరు వచ్చినా ఆదివారంతో సహా ఏ రోజైనా ఉదయం ఎనిమిది నుంచి చూపించగలను.

జతపరచినవి: ఇన్‌వాయిస్ నకలు, మెకానిక్కు బిల్లు, పరుపు బిల్లు, బ్రోచరు మొదటి పేజీ, మీ ఈమెయిలు ప్రతి, పద్నాలుగు ఫొటోలు.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.