సీసాకు డిపాజిట్ పెడితేనే అరకు గెడ్డలు బాగుపడతాయి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖ నుంచి వచ్చిన వాలంటీర్లు అరకులోయలో చెత్త ఏరారని మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వార్త వేశారు. మంచి పని చేసిన పిల్లల్ని నలుగురికీ చూపించారు, చాలా సంతోషం. వాళ్లు ఇక్కడ ఉన్నంతసేపూ నేనూ వాళ్లతోనే తిరిగాను. ఏజెన్సీ గ్రామాల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాక, కింద మా సొంతూరికి వెళ్లబుద్ధి కాక అరకులోనే ఉండిపోయినదాన్ని. ఇక్కడి వాళ్లకి ఇప్పటికీ నర్సమ్మనే. చెత్తలో చేతులు పెట్టే చోట మందుల పెట్టె పట్టుకుని ఒక మనిషి ఉండాలి కదా అని బయల్దేరాను. చిన్న వార్తలో చోటు చాలని సంగతులు కొన్ని ఉన్నాయి. ఇకముందు వచ్చే బృందాలకూ, పంచాయతీకీ, జిల్లా అధికారులకూ పనికొస్తాయని రాస్తున్నాను.

అరకు అందం గురించి మీ పాఠకులకు నేను కొత్తగా చెప్పేదేముంది. మాలాంటి వాళ్లకి మాత్రం ఈ ఊరు ముఖ్యంగా దాని నిమ్మళం వల్లే నచ్చుతుంది. మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిదయ్యేసరికి స్టేషన్ రోడ్డు ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియం తీగలు, చలికాలం మొదట్లో వలిసె పూలతో పసుపుపచ్చగా మెరిసే మెట్ట చేలు. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో వచ్చి చూస్తే ఇదే ఊరా అనిపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉంటాయి. రావద్దని నేను అనను. వాళ్లు వస్తేనే బొంగు చికెన్ అమ్ముకునే కుర్రాడికీ, జీపు నడుపుకునే వాడికీ పూట గడుస్తుంది. నా బాధంతా వాళ్లు వదిలేసి వెళ్లే వాటి గురించే.

ఈ బృందం శనివారం కిరండూల్ రైల్లో దిగింది. డిగ్రీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, పోర్టులో చేసి రిటైరైన ఒక పెద్దాయన. డుంబ్రిగుడ వైపు నుంచి వెళ్లి విశాఖలో చదువుకుంటున్న ఒక అమ్మాయి కూడా ఉంది. ఆ అమ్మాయి రావడం ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఇక్కడి ఆడవాళ్లతో ఆదివాసీ ఒడియాలో మాట్లాడింది. "మేం మీ ఊరు మురికిగా ఉందని రాలేదు, మా ఊళ్ల వాళ్లు పారేసింది తీసుకెళ్లడానికి వచ్చాం" అని మొట్టమొదట ఆ మాట చెప్పింది. అంతవరకు దూరంగా నిలబడి చూస్తున్న వాళ్లు దగ్గరికొచ్చారు. చెత్త ఏరడానికి వచ్చిన వాళ్లని చూస్తే ఊరి వాళ్లకి కాస్త చిన్నతనంగా ఉంటుంది. ఆ సంగతి ముందే తెలుసుకుని వచ్చారంటే ఆ పిల్లల్ని మెచ్చుకోవాలి.

ఇంకో మెచ్చుకోదగ్గ పని, రాకముందే వీళ్ల మనిషి ఒకరు వచ్చి పంచాయతీ వాళ్లని కలిసి, ఏరిన చెత్త ఎక్కడికి పోతుందని అడిగి వెళ్లారు. అంతకుముందు వచ్చిన కొన్ని బృందాలు అడగలేదు. సంచులు నింపి, బ్యానరు పట్టుకుని ఫొటో దిగి, సంచుల్ని రోడ్డు పక్కన పెట్టేసి సాయంత్రం బండెక్కేవారు. రాత్రికి కుక్కలు వాటిని చింపేవి, గాలికి సగం మళ్లీ గెడ్డలోకే, అంటే వాగులోకే చేరేది. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ చిన్న ఊరి పంచాయతీకి ఉండేది ఒకటో రెండో బండ్లు, నలుగురైదుగురు పారిశుధ్య కార్మికులు. వాళ్ల మీద ఒక్కరోజే వంద సంచులు పడేస్తే ఏం చేస్తారు?

ఆదివారం పొద్దున్న చాపరాయి దిగువన గెడ్డ వెంబడి దిగాం. పైన పర్యాటకులు కూర్చునే రాతి పరుపు దగ్గర రోజూ ఎవరో ఒకరు ఊడుస్తారు, కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ కనపడదు. కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది. నీళ్లు మలుపు తిరిగే చోట రాళ్ల సందుల్లో చిప్స్ కవర్లు పొరలు పొరలుగా అతుక్కుపోయి, లాగితే ఇసుకతో సహా ఊడి వచ్చాయి. పసిపిల్లలకి వాడే డైపర్లు నీళ్లు తాగి ఉబ్బిపోయి కొమ్మలకి వేలాడుతున్నాయి. అన్నిటికంటే ప్రమాదం పగిలిన బీరు సీసాలు.

సీసా ముక్క గురించి ఒక నర్సుగా చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. గాజు నీళ్లలో కనపడదు. ఇక్కడి ఆడవాళ్లు నెత్తి మీద కట్టెల మోపో, కాఫీ పళ్ల బస్తానో పెట్టుకుని చెప్పుల్లేకుండా గెడ్డ దాటుతారు. నెత్తిన బరువుంటే వంగి కిందికి చూడలేరు. ముక్క గుచ్చుకునేది ఎక్కువగా అరికాలి వంపులో, చర్మం మెత్తగా ఉండే చోట. పైకి చూస్తే గోటితో గీరినట్టు సన్నటి గీతే ఉంటుంది. కడిగి, రెండు వేళ్లతో విడదీసి చూస్తేగాని లోపల ఎంత లోతు దిగిందో తెలియదు. రేణువంత గాజు లోపల ఉండిపోయినా చీము పట్టి కాలు వాచిపోతుంది. టీటీ ఇంజక్షన్ ఇస్తాం, కట్టు కడతాం, మానేదాకా నీళ్లలోకి దిగొద్దంటాం. ఎలా దిగకుండా ఉంటుంది? నీళ్లు తేవాలన్నా, పొలానికి పోవాలన్నా గెడ్డ దాటాల్సిందే. పైగా కాఫీ పళ్లు కోసే రోజులూ, టూరిస్టులు విరగబడే రోజులూ ఒక్కటే. సరిగ్గా నాలుగు డబ్బులు చేతికొచ్చే కాలంలో కాలికి కట్టుతో ఇంట్లో కూర్చోవాలి. సర్వీసులో ఉండగా ఇలాంటి కాళ్లకి ఎన్ని కట్లు కట్టానో. రిటైరయ్యాక కూడా ఇంటి గుమ్మం దగ్గరికి వస్తూనే ఉన్నారు. పశువుల గిట్టల సందున గుచ్చుకుంటే వాటికి చెప్పుకునే నోరు కూడా లేదు.

అందుకే ఆ రోజు వాలంటీర్లు సీసా ముక్కల్నే ముందు పట్టుకున్నారు. పల్చటి గ్లౌజులు కాకుండా వెల్డింగ్ పని వాళ్లు వేసుకునే మందపాటి తోలు గ్లౌజులు తెచ్చుకున్నారు. పోర్టు పెద్దాయన చెప్పిన ఉపాయమట. సంచుల్లో కాకుండా రేకు డబ్బాల్లో వేశారు. నా మందుల పెట్టె తెరవాల్సిన అవసరం రాలేదు, అదే ఆ రోజు నాకు పెద్ద తృప్తి.

ఏరినవన్నీ పరిచి విడదీస్తుంటే అసలు విషయం అందరికీ అర్థమైంది. నీళ్ల ప్లాస్టిక్ బాటిళ్లు మేం అనుకున్నంత లేవు. ఎందుకంటే వాటికి పాత సామాన్ల వాళ్లు డబ్బిస్తారు, కాబట్టి ఎవరో ఒకరు ఏరుకుపోతారు. సీసాలు బరువెక్కువ, ధర తక్కువ. పగిలినవి ఘాట్ దింపి అమ్మితే లారీ కిరాయి కూడా రాదు. అందుకని ఎవరూ ముట్టుకోరు. చిప్స్, బిస్కెట్ కవర్లకయితే ఎక్కడా కొనేవాడే లేడు. తడి చెత్తను ఊళ్లోనే ఎరువు చేసుకోవచ్చు. వీటికి మాత్రం కొండ దిగడం తప్ప దారి లేదు. దేనికి విలువ ఉందో అది గెడ్డలో లేదు, దేనికి లేదో అదే ఉంది. ఏరే చేతులు ఎన్ని వచ్చినా ఈ లెక్క మారకపోతే వచ్చే ఆదివారానికి మళ్లీ ఇంతే.

కాబట్టి నేను అడిగేది ఒకటే. అరకులో అమ్మే ప్రతి సీసాకూ, ప్రతి నీళ్ల బాటిల్‌కూ డిపాజిట్ పెట్టండి. ఇది నా సొంత ఆలోచన కాదు, పక్కనే జరుగుతున్నది. తమిళనాడులో నీలగిరి జిల్లాలో పగిలిన సీసాల వల్ల అడవి జంతువులు గాయపడుతున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా పట్టుకుంది. 2022 నుంచి అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ 10 రూపాయలు తిరిగిస్తున్నారు. తాగినవాడు పారేసినా, ఇంకొకడు ఏరి తెచ్చుకుంటాడు. మన తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపేసి గాజు సీసాల్లో నీళ్లు అమ్ముతున్నారు. సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. అంతమంది భక్తులు వచ్చే చోట వీలైంది అరకులో ఎందుకు వీలు కాదు?

కింద నుంచి కార్లలో తెచ్చుకునే సీసాల మాటేమిటని అడుగుతారు. మా ఊరికి వచ్చే దారులు శృంగవరపుకోట వైపు నుంచి, పాడేరు వైపు నుంచి, ఒడిశా వైపు నుంచి. ఆ మూడు దారుల్లోనూ సీజన్ నెలల వరకైనా ఒక బల్ల వేసి, బండిలో ఉన్న సీసాలు లెక్కపెట్టి డిపాజిట్ కట్టించుకుని, దిగేటప్పుడు చూపిస్తే తిరిగివ్వచ్చు. ఆ పని మా ఊళ్ల మహిళా సంఘాలకి అప్పజెప్పండి, నాలుగు కుటుంబాలకి ఆదాయం కూడా. ఒక్కో బండి దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, నిజమే. అరికాలు మానడానికి పట్టే రోజులతో పోలిస్తే అది ఏపాటి?

చట్టం కూడా అడ్డు కాదు. మాది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం ఇక్కడి గ్రామసభకి తన వనరుల్ని కాపాడుకునే అధికారం ఇచ్చింది. గ్రామసభ తీర్మానం చేసి పంపితే అధికారులు పక్కన పెట్టడానికి వీల్లేదని నా నమ్మకం. కవర్ల సంగతికి వస్తే 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు, వాటికి 2022లో వచ్చిన సవరణ ప్రకారం ఆ ప్యాకింగు వెనక్కి తీసుకునే బాధ్యత దాన్ని మార్కెట్లోకి వదిలిన కంపెనీలది. వాలంటీర్లు ఏ కంపెనీ కవర్లు ఎన్ని దొరికాయో పుస్తకంలో రాసి ఒక కాపీ పంచాయతీకి ఇచ్చి వెళ్లారు. ఇక వచ్చే ప్రతి బృందం ఆ పని చేయాలి. రేపు అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది.

ఒక ముచ్చట కూడా చెబుతాను. ఆ మధ్యాహ్నం భోజనాలకి థర్మాకోల్ ప్లేట్లు వద్దని ఊళ్లో అడ్డాకు విస్తళ్లు కుట్టించారు. ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని, ఆకు మీద ఆకు కాస్త ఎక్కించి, గోటితో చీల్చిన వెదురు పుల్లని సూదిలా గుచ్చి, మిగిలింది పుటుక్కున తుంచేస్తోంది. బ్యాంకు అమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకోబోతే ఆకు చిరిగిపోయింది. ముసలావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పుల్ల ఎంత ఏటవాలుగా దింపాలో చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అన్నం, పప్పు, ఆ విస్తట్లోనే తిన్నారు. తిన్న విస్తళ్లు గొయ్యిలో వేసి మట్టి కప్పారు. రిసార్టుల వాళ్లు, రోడ్డు పక్క హోటళ్ల వాళ్లు ఇవే కొంటే అడ్డాకు ఏరుకొచ్చే కుటుంబాలకి ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. వాళ్ల కోసమే 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది, దాని ద్వారా సరఫరా ఏర్పాటు చేయొచ్చు.

ఏరిన గాజు, కవర్లు అన్నీ వాళ్లు కిరాయికి తీసుకున్న వ్యానులో విశాఖ తీసుకెళ్లిపోయారు. కిరాయి వాళ్లే పంచుకున్నారు. వస్తానన్న బృందాలకి నా మనవి కూడా అదే. దింపడానికి బండి లేకపోతే ఏరడానికి రావద్దు. శుక్రవారం సంత రోజైనా, ఆదివారం మధ్యాహ్నం జనం రద్దీలోనైనా కాకుండా సోమవారం రండి, వారాంతపు చెత్త అప్పుడే దొరుకుతుంది. ఏటా కొత్త చోటు వెతుక్కోకుండా ఒకే గెడ్డని పట్టుకోండి, మార్పు వచ్చిందో లేదో తెలుస్తుంది. తెచ్చుకున్న తోలు గ్లౌజులు వెళ్లేటప్పుడు మా పారిశుధ్య కార్మికులకి ఇచ్చి వెళ్లండి. ఈ పిల్లలు ఇచ్చి వెళ్లారు. ఇప్పుడు ఆ గ్లౌజులతోనే వాళ్లు పని చేస్తున్నారు.

సంక్రాంతి రద్దీ మొదలయ్యేలోగా డిపాజిట్ విషయం మీద గ్రామసభ పెట్టమని పంచాయతీకి అర్జీ ఇచ్చాం. మీ పేపరు వాళ్లు కూడా ఆ రోజు ఒక విలేకరిని పంపండి. అధికారులు ఎవరు వచ్చారో, ఏం ఒప్పుకున్నారో మరుసటి రోజు అచ్చు వేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
అరకులోయ, అల్లూరి సీతారామరాజు జిల్లా