ఒంటిపూట బడి గంట, ఎగ్జిమా పిల్లల ఎండ

సంపాదకులకు,

ఏటా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున 8కి వెళ్లిన పిల్లలు 12.30కి బయటపడతారు. వేడి ముదిరేలోగా ఇల్లు చేరతారని లెక్క. వడదెబ్బ వరకు ఆ లెక్క సరైనదే. చర్మాన్ని కాల్చే అతినీలలోహిత (యూవీ) కిరణాల లెక్క మాత్రం వేరు. హైదరాబాద్‌లో ఆ నెలల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12.15, 12.25 మధ్య. ఏప్రిల్‌లో మబ్బు లేని రోజు ఆ వేళకు ఈ కిరణాల తీవ్రత చెప్పే యూవీ సూచిక 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అదే అన్నిటికన్నా పైమెట్టు. బడి గంట సరిగ్గా అప్పుడే కొడుతున్నారు. పదో తరగతి పరీక్షా కేంద్రాలున్న బడుల్లోనైతే మిగతా తరగతులు మధ్యాహ్నం కాబట్టి పిల్లలు ఆ ఎండలోనే బడికి బయల్దేరాలి.

మిగతా పిల్లలు కాస్త నల్లబడి ఊరుకుంటారు. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురదపెట్టే జబ్బు, ఉన్నవాళ్ల చర్మం పైపొర తడిని పట్టి ఉంచలేదు, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపలేదు. మోచేతి మడతల్లో, మెడ చుట్టూ, మోకాళ్ల వెనక చెమట చేరి చురచురలాడుతుంది. గోకితే రసి కారుతుంది.

సన్‌స్క్రీన్ రాయమంటే తల్లులు చెప్పే మాట ఒకటే: ‘రాస్తే మంటని ఏడుస్తోంది, మానేశాం.’ తప్పు పిల్లది కాదు, ట్యూబుది. సువాసన, ఆల్కహాల్, ఆక్సీబెంజోన్ లాంటి రసాయన ఫిల్టర్లు (కిరణాలను పీల్చుకునే పదార్థాలు) పగిలిన చర్మాన్ని మండిస్తాయి. ట్యూబు వెనక జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉండి, ఈ రసాయన ఫిల్టర్లు, సువాసన లేనిది చూడండి. ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 చాలు. చర్మాన్ని ఎక్కువగా కాల్చే యూవీబీ కిరణాలను 30 సుమారు 97 శాతం ఆపితే 50 ఆపేది 98 శాతం. చర్మం లోతుకు దిగే యూవీఏ కిరణాల నుంచి రక్షణను చెప్పే ‘పీఏ’ గుర్తు పక్కన మూడు ప్లస్‌లైనా ఉండాలి. ముందువైపు ‘బేబీ’ అనో ‘సెన్సిటివ్’ అనో ఉంటే నమ్మేయకండి, వెనక అక్షరాలే చదవండి. స్ప్రేలు వద్దు, ఊపిరిలోకి పోతాయి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు నీడ, బట్టే రక్ష.

కొత్త ట్యూబు కొన్న రోజే ముఖానికి పూయకండి. మోచేతి లోపలివైపు బాగున్న చోట రూపాయి బిళ్లంత రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. ఎర్రబడకపోతే ముఖానికి వెళ్లొచ్చు.

స్నానమయ్యాక ఒళ్లు అద్దినట్టు తుడిచి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. అరగంట ఆగాకే సన్‌స్క్రీన్. ఆగకుండా రాస్తే రెండూ కలిసి జారిపోతాయి, రక్షణ పలచబడుతుంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన గీత ఒక కొలత. ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు ముఖానికి, మెడకు కలిపి రెండు గీతలు, ఒక్కో చేతికి రెండున్నర. రుద్దకుండా చుక్కలు పెట్టి, వెంట్రుకలు వాలిన దిక్కుకే పరచాలి. సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది, జింక్‌తో ఆ బాధ తప్పదు. రసి కారే పుండు మీద రాయొద్దు, పలుచని నూలుగుడ్డ కప్పండి.

అసలు చిక్కు ఇక్కడుంది. పొద్దున 7.30కి రాసింది 12.30కి మిగలదు. రెండు గంటలకే బలం తగ్గుతుంది, చెమట పడితే ఇంకా ముందే. కాబట్టి చిన్న ట్యూబు బడి సంచిలో ఉండాలి, చివరి గంటకు పావుగంట ముందు రాసుకోవడానికి టీచరు ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చాక సున్నిపిండితో తోమకండి. అమ్మమ్మల ప్రేమ కాదనలేనిది గానీ, ఆ గరుకుకు ఎగ్జిమా చర్మం లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు కాని మెత్తని క్లెన్సర్ చాలు. ముఖాన నిమ్మరసం రాసి ఎండలోకి పంపితే బొబ్బలెక్కుతాయి. బుగ్గల మీద తెల్ల మచ్చలొస్తే కడుపులో పురుగులనో కాల్షియం తక్కువనో మందులు మింగించడం మరో అలవాటు. చాలాసార్లు అవి ఎగ్జిమా మిగిల్చిన పాలిపోయిన మచ్చలే. చుట్టూ చర్మం నల్లబడేకొద్దీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, నెలల మీద వాటంతటవే కలిసిపోతాయి. తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మ జబ్బు) అనుకుని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన మిశ్రమం తెచ్చి అదేపనిగా పూస్తే మాత్రం చర్మం పలచబడుతుంది. డాక్టరు టాక్రోలిమస్ (ఎగ్జిమాకు వాడే స్టెరాయిడ్ కాని పూతమందు) రాసిచ్చి ఉంటే ఆ భాగం ఎండకు అస్సలు పెట్టొద్దు.

క్రీము కంటే బట్ట నమ్మకమైనది. పలుచని తెల్ల చొక్కాలోంచి, అందులోనూ చెమటకు తడిస్తే, కిరణాలు దూరతాయి. దగ్గరి నేత ముదురు రంగు కాటన్ మేలు. బస్సులో కిటికీ అద్దం యూవీబీని ఆపినా యూవీఏ చాలావరకు లోపలికొస్తుంది కాబట్టి ఎండ పడని వైపు సీటివ్వండి.

పాఠశాలల యాజమాన్యాలకు విన్నపం: బస్సు కోసం గ్రౌండులో వరుస కట్టించే పది నిమిషాలు వరండాలో నిలబెట్టండి, అంచున్న టోపీ పెట్టుకోనివ్వండి. యూనిఫాం మారకూడదంటే అదే రంగు కాటన్‌లో పొడుగు చేతుల చొక్కా కుట్టించుకోనివ్వండి. దర్జీకి తల్లిదండ్రులు చెప్పాల్సింది ఒకటుంది: మెడ దగ్గర రాసుకునే లేబుల్ కత్తిరించేసి, లోపలి కుట్లు మెత్తగా మడిచి కుట్టమని.

ఇట్లు,
ఒక చర్మవైద్యురాలు,
మలక్‌పేట, హైదరాబాద్