పదకొండు పోర్టుల హబ్‌ను ఎందుకు పక్కన పెట్టాము

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని మా దుకాణంలో ల్యాప్‌టాప్ సామగ్రి కొనే మీ అందరికీ నమస్కారం. గత దసరా నుంచి ‘ప్రయాణాలకు ఇదే సరైనది’ అని మేమే నొక్కి చెప్పి అమ్మిన పదకొండు పోర్టుల టైప్-సి హబ్‌ను (ల్యాప్‌టాప్‌లోని ఒక్క టైప్-సి పోర్టుకు తగిలించి, మానిటర్, డిస్కు, కార్డు, ఛార్జర్ వంటివన్నీ కలుపుకునే పరికరాన్ని) ఈ నెల నుంచి అమ్మడం మానేశాము. సరుకు అయిపోయి కాదు, ఇంకా ఒక అట్టపెట్టె నిండా మా అల్మారాలోనే ఉంది. తరచూ ఊళ్లు తిరిగేవారికి అది సరిపడదని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము.

వరంగల్‌లో పెళ్లి ఫోటోలు తీసే ఒక ఖాతాదారు కాజీపేట స్టేషనులో కూర్చుని, కెమెరా కార్డులోని ఫోటోలను హార్డ్‌డిస్కులోకి ఎక్కిస్తూ, రైలు వస్తున్నదని ముందుగా ఛార్జర్ ఒక్కటే తీశారట. ఆ క్షణంలో కార్డూ, డిస్కూ రెండూ తెర మీద మాయమై మళ్లీ ప్రత్యక్షమయ్యాయి, కాపీ మాత్రం మధ్యలోనే తెగిపోయింది. కార్డులో అసలు ఫోటోలు భద్రంగా ఉన్నాయి గనుక ఆయన పెళ్లివారికి ముఖం చూపించగలిగారు. ఆయన వచ్చి చెప్పినప్పుడు డిస్కులోనే లోపం ఉందని నేను వాదించాను, అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆయన వెళ్లాక కౌంటర్ మీద నేనే నాలుగైదుసార్లు ఛార్జర్ తీసి చూస్తే, తీసిన ప్రతిసారీ అదే జరిగింది. ఛార్జర్ ఉన్నంతసేపు ఆ హబ్‌కు కరెంటు ఛార్జర్ నుంచి వస్తుంది, అది తీయగానే ల్యాప్‌టాప్ నుంచి తీసుకోవాలి. ఆ మార్పిడి జరిగే రెప్పపాటులో నిలదొక్కుకోలేని హబ్, తనకు తగిలించిన వాటన్నింటినీ వదిలేస్తుంది. ఇంట్లో బల్ల మీద, ఛార్జర్ రోజంతా కదలని చోట, ఈ లోపం ఎవరికీ తెలియదు. స్టేషన్లలో, విమానాశ్రయాల్లో, హోటల్ గదుల్లో ప్లగ్ పెట్టి తీసేవారికే ఇది ఎదురవుతుంది.

పెట్టె మీద ముద్రించిన ‘4కె’ (ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలున్న బొమ్మ) అనే మాట అబద్ధం కాదు గాని, పూర్తి నిజమూ కాదు. టైప్-సి తీగలో వేగంగా సమాచారం మోసే దారులు నాలుగే ఉంటాయి. సెకనుకు 5 గిగాబిట్ల యూఎస్‌బీ వేగం కూడా కావాలంటే అందులో రెండు దానికి పోయి, బొమ్మకు రెండే మిగులుతాయి. మానిటర్‌కు బొమ్మ పంపే డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో పాతదైన 1.2 పద్ధతిలో పనిచేసే చిప్ ఉంటే, ఆ రెండు దారుల్లో 4కె బొమ్మ 30 హెర్ట్జ్‌కు (అంటే సెకనుకు ముప్పై సార్లు మారడానికి) మించి రాదు, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదిలినట్లు కనిపిస్తుంది. ల్యాప్‌టాప్, హబ్ రెండూ 1.4 పద్ధతివైతే 60 హెర్ట్జ్ వస్తుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ల మీదే పాఠాలు చెప్పుకునేవారు మాత్రం ఈ ఒక్క తేడా కోసం ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. ఇక అందులోని రెండు హెచ్‌డీఎంఐ పోర్టుల సంగతి చెప్పాలంటే, మ్యాక్‌బుక్‌కు తగిలిస్తే రెండు మానిటర్ల మీదా ఒకే బొమ్మ వస్తుంది. ఈ మాట అమ్మేటప్పుడు మేము అందరికీ చెప్పలేదు.

పెట్టె మీది ‘100 వాట్లు’ కూడా అలాంటిదే. అందులో పది పదిహేను వాట్లు హబ్ తన అవసరాలకు అట్టిపెట్టుకుంటుంది గనుక, మీ 65 వాట్ల ఛార్జర్‌ను దాని ద్వారా పెడితే ల్యాప్‌టాప్‌కు చేరేది యాభై చిల్లరే. పలుచని ల్యాప్‌టాప్‌కు అది చాలు, గేమింగ్ ల్యాప్‌టాప్‌కు చాలదు.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందని తెచ్చిన వారికి మేము అనవసరంగా మౌస్ మార్చి ఇచ్చాము. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్‌కు అడ్డుపడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే వివరించింది. మౌస్ డాంగిల్‌ను (దానితో వచ్చే చిన్న రిసీవర్‌ను) హబ్‌లో కాకుండా ల్యాప్‌టాప్‌కు రెండో పక్కన పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు తెప్పించినది అరచేతిలో ఇమిడేది. అందులో 4కె 60 హెర్ట్జ్ ఇచ్చే హెచ్‌డీఎంఐ ఒకటి, మామూలు యూఎస్‌బీలు రెండు, కెమెరా కార్డు పెట్టే చోటు, ఛార్జింగ్ పోర్టు ఉన్నాయి, అంతే. దీన్ని ఎంచుకోవడానికి నాకు అన్నిటికన్నా ముఖ్యమైన కారణం విడదీయగల కేబుల్. పాత హబ్‌లో తీగ శరీరానికే అతికి ఉండేది, సంచిలో మడతపడి మడతపడి హబ్‌కు అతికిన చోట తెగితే మొత్తం హబ్ పారేయవలసి వచ్చేది. నెట్‌వర్క్ తీగ పోర్టు ఉంటే మందం పెరుగుతుందని వదిలేశాము, కావలసినవారికి విడిగా ఇస్తాము. వీజీఏ ఇక ఎవరికి కావాలి అనుకున్నాను గాని, కాలేజీల్లో శిక్షణ తరగతులు నడిపే ఒక మేడం గారు వచ్చి, సెమినార్ హాళ్లలో గోడకు వేలాడేది ఇంకా ఆ నీలం ప్లగ్గే అని నాకు గట్టిగానే చెప్పారు. కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న అడాప్టర్‌ను కూడా పక్కనే పెట్టాము.

కొనడానికి వచ్చేటప్పుడు దయచేసి ల్యాప్‌టాప్ తీసుకురండి. దాని టైప్-సి పోర్టు పక్కన థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గాని డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గాని ఉంటే బొమ్మ వస్తుందని నమ్మవచ్చు. ఏ గుర్తూ లేనివాటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. పోర్టులోనే ఆ ఏర్పాటు లేకపోతే ఎంత ఖరీదైన హబ్ పెట్టినా బొమ్మ రాదు.

పాత హబ్ కొన్నవారిలో ఇంట్లో ఒకేచోట వాడేవారు దాన్ని నిశ్చింతగా ఉంచుకోవచ్చు. ప్రయాణాల్లో వాడేవారు తెచ్చి ఇస్తే, మీరు ఇచ్చిన ధర మొత్తం తగ్గించి కొత్తది ఇస్తాము, పైన 800 రూపాయలు మీరు కట్టవలసి ఉంటుంది. సరఫరాదారు మా దగ్గర సరుకు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు, అందుచేత ఆ తేడాను కూడా మేమే భరించే శక్తి ఇప్పుడు లేదు. బిల్లు పోయినా ఫరవాలేదు, ఫోన్ నంబరు చెబితే మా పుస్తకంలో చూసుకుంటాము. అంతవరకు కాపీ నడుస్తుండగా ఛార్జర్ తీయకండి.

కొత్త హబ్ విషయంలో నా మాట మీద ఆధారపడనక్కరలేదు. పోయినా బాధలేని ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి వెంట తెచ్చుకుని, కౌంటర్ మీదే కాపీ మొదలుపెట్టి, మీ చేత్తోనే ఛార్జర్ పీకి చూసి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.