మరుగుదొడ్డి జోకు సరే, మిగతా పడవ ఏది?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గాముల మీద, ఒకదాని మరుగుదొడ్డి ప్రమాదం మీద జోకుతో సహా, వేసిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. తెలిసినవారు ఎవరైనా రాస్తారని, లేదా మీరే ఓ మూల సవరణ వేస్తారని ఇన్నాళ్లూ చూశాను. రెండూ జరగలేదు.

వ్యాసకర్త మొదటి వాక్యంలోనే 'నెలల తరబడి సముద్రగర్భంలో' అన్నారు. తప్పు అక్కడే మొదలైంది. జర్మన్లు అన్నిటికంటే ఎక్కువగా కట్టిన టైప్ 7సి పడవ నిజానికి నీటి మీద నడిచే ఓడ. అవసరం పడితే మునుగుతుంది, అంతే. నీటి మీద ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు, మునిగినప్పుడు బ్యాటరీతో తిరిగే మోటార్లు. నీటి అడుగున 4 నాట్ల (గంటకి 4 నాటికల్ మైళ్ల) వేగంతో పాకితే 80 నాటికల్ మైళ్లు వస్తుంది. అంటే 20 గంటలు. పూర్తి వేగంతో పరిగెత్తిస్తే బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది. తర్వాత పైకి తేలి, డీజిళ్లు తిప్పి, మళ్లీ ఛార్జి చేసుకోవాలి. నెలల తరబడి ఏ గర్భంలో ఉంటారండీ?

ఈ ఒక్క సంగతి పట్టుకుని ఉంటే లోపలి బతుకు దానంతటదే అర్థమయ్యేది. పడవ పొడవు 67 మీటర్లే. అందులో ఇంజన్లు, బ్యాటరీలు, టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధాలు) పోగా మిగిలిన సందుల్లో 45, 50 మంది సర్దుకోవాలి. ముందు భాగంలోని టార్పెడో గదిలో దాదాపు 25 మందికి డజను పడకలు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే వెచ్చటి పరుపు మీద వాలతాడు. బయల్దేరినప్పుడు ఆ గదిలో నేల మీద కూడా అదనపు టార్పెడోలు ఉంటాయి కాబట్టి కింది పడకలు దించడానికే వీలుండదు. మొదటి టార్పెడోలు వదిలి, ఈ అదనపువాటిని గొట్టాల్లోకి ఎక్కిస్తే, విజయం సంగతి ఎలా ఉన్నా, కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికేది. వంటగది ఇంజన్ గదికి ఆనుకుని, ఒక్క వంటవాడు కష్టంగా తిరిగేంత. మంచినీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమే. ఒళ్లు కడుక్కోవాలంటే సముద్రపు నీళ్లు, దానికోసం ప్రత్యేకంగా చేసిన సబ్బు. అది కూడా సరిగ్గా నురగ రాదు. గడ్డాలు పెంచడం ఫ్యాషన్ కోసం కాదని వ్యాసకర్తకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

తిండి విషయంలో 'తాజా ఆహారం పుష్కలంగా' అన్నారు. మొదటి కొద్ది రోజులకి నిజమే. మాంసం, సాసేజీలు పైపులకి వేలాడేవి, రొట్టెలు వలల్లో ఊగేవి. బయట చల్లటి సముద్రం, లోపల ఇంతమంది ఊపిరి, వంట ఆవిరి. ఇనుప గోడలకి చెమట పట్టి నీళ్లు కారతాయి. ఆ తేమకి రొట్టెల మీద తెల్లటి బూజు బొచ్చులా పెరిగేది. నావికులు వాటిని 'తెల్ల కుందేళ్లు' అనేవాళ్లు. పై బూజంతా చెక్కేసి లోపలి ముద్ద తినేవాళ్లు. ఆ తర్వాత డబ్బా తిండే, దానికీ డీజిల్ వాసనే. ఈ సరుకుని ఎక్కడ పడితే అక్కడ కుక్కడానికి వీల్లేదు. ముందువైపు బరువు పెరిగినా, వెనకవైపు తగ్గినా మునిగినప్పుడు పడవ సమంగా నిలవదు. తిన్న తిండికీ, కాల్చిన నూనెకీ లెక్క కట్టి ప్రధాన ఇంజనీరు ట్యాంకుల్లో నీళ్లు అటూ ఇటూ మార్చాలి. ఇంత ఆసక్తికరమైన సంగతికి ఒక్క వాక్యం దక్కలేదు.

1944 నుంచి వచ్చిన స్నోర్కెల్ గొట్టాన్ని మాత్రం 'అద్భుత పరికరం' అన్నారు. కాస్త మునిగి ఉండగానే డీజిల్ నడపడానికి గాలి పీల్చే గొట్టం అది. అల మీద పడితే నీళ్లు రాకుండా దాని మూత మూసుకుంటుంది. ఇంజన్ ఆగదు కదా, పడవ లోపలి గాలినే లాగేస్తుంది. చెవులు పగిలేంత నొప్పి. ఒక్కోసారి పొగ వెనక్కి తన్ని లోపల నిండేది. అద్భుతమే మరి!

ఇక మరుగుదొడ్డి. ఉన్నవి రెండు. ప్రయాణం మొదట్లో ఒకటి తిండి డబ్బాలతో నిండిపోయేది. మామూలు పంపు లోతులో పనిచేయదు, బయటి నీటి ఒత్తిడి దాన్ని వెనక్కి నెడుతుంది. లోతుకి పనికొచ్చే కొత్త రకంలో వాల్వులు ఒక వరసలో తిప్పాలి. లోపలిదీ బయటిదీ ఒకేసారి తెరుచుకుంటే సముద్రం లోపలికొస్తుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్‌లోని పీటర్‌హెడ్ దగ్గర యు-1206 అనే జర్మన్ జలాంతర్గామికి జరిగింది అదే. 60 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుకి ఆరు కిలోల ఒత్తిడితో నీళ్లు తన్నుకొచ్చి కింది బ్యాటరీలో పడ్డాయి. ఉప్పునీళ్లు బ్యాటరీకి తగిలితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. పైకి తేలక తప్పలేదు, తేలగానే బ్రిటిష్ విమానాలు వచ్చిపడ్డాయి. చివరికి పడవని వాళ్లే ముంచుకున్నారు. నలుగురు చనిపోయారు. 'కెప్టెన్ తప్పు మీట లాగాడు, హహహ' అని మీ వ్యాసం. కెప్టెన్ ష్లిట్ చెప్పిన ప్రకారం ఆ సమయంలో ఆయన ఇంజన్ గదిలో ఉన్నాడు. ముందువైపు మరుగుదొడ్డిని బాగుచేయబోయిన మెకానిక్ దగ్గర తేడా వచ్చింది. జర్మన్ జలాంతర్గాముల్లో వెళ్లిన ప్రతి నలుగురిలో ముగ్గురు దాకా తిరిగిరాలేదు. హిట్లర్ యుద్ధం మీద నాకేమీ సానుభూతి లేదు, కానీ చావుల మీద ఇంత చవకబారు నవ్వు ఆదివారం పూట అవసరమా?

నేతాజీ ప్రస్తావన మరీ ఘోరం. 1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామిలో బయల్దేరిన ఆయన 'విలాసవంతమైన గదిలో' ప్రయాణించారట! ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలమైన సముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాన్ పడవ ఐ-29కి మారారన్న మాటే లేదు. అంతకుముందు దారిలో యు-180 కోర్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ని ముంచిన సంగతీ లేదు. వెంట ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన హైదరాబాద్ బిడ్డ ఆబిద్ హసన్. తెలుగు పత్రికలో ఆయన పేరు లేకపోవడం ఏమిటండీ? యు-180లో పట్టిన డీజిల్ కంపు గురించి చెప్పినవాడు కూడా ఆయనే.

ఒకప్పుడు డెస్కులో ఒక పెద్దాయన ఉండి, అంకె కనబడితే చాలు ఎక్కడిదని అడిగేవాడు. ఇప్పుడు నెట్‌లో దొరికింది దొరికినట్టు తెలుగు చేసేసి పేజీ నింపుతున్నారు. మ్యూజియాల విషయంలో మన అధికారులూ ఇంతే. సెల్ఫీ బోర్డులకి డబ్బులుంటాయి, లోపల ఏ యంత్రం ఏం చేస్తుందో నాలుగు ముక్కలు సరిగ్గా రాయించడానికి ఉండవు. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఎక్కినవాళ్లు లక్షల్లో ఉంటారు. అదీ డీజిలూ బ్యాటరీలతో నడిచిందే. దాని బొమ్మ వేసినా అర్థముండేది. మీరు వేసింది అణు జలాంతర్గామి ఫొటో. సవరణ వేసే ఉద్దేశం ఉంటే, దయచేసి ఈసారి బొమ్మ లేకుండానే వేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
విశాఖపట్నం