ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ గారికి బహిరంగ లేఖ

మేడమ్,

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తూ పన్ను కడుతున్న తెలుగువాడిని. ఉక్రెయిన్‌కు ఇచ్చే అప్పు భారం నా మీదా పడుతుంది కాబట్టి అడుగుతున్నాను.

2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం ఆయుధాలతో పాటు నిఘా సమాచారం కూడా కొన్నాళ్లు ఆపేసింది. అప్పుడు యూరప్ అంతటా ఎంత టెన్షన్ పడ్డారో చూశాం. డిసెంబరులో 9,000 కోట్ల యూరోల అప్పుకు ఒప్పుకున్నారు, సంతోషం. బెల్జియంలోని యూరోక్లియర్ అనే ఆర్థిక సంస్థలో స్తంభింపజేసిన రష్యా సొమ్మును మాత్రం వాడలేకపోయారు. (రేపు రష్యా కోర్టుకెళితే మొత్తం తన నెత్తిన పడుతుందన్న బెల్జియం భయం కాదనలేనిదే.)

కానీ డబ్బుంటే చాలదు కదా! రష్యా దాడులను గాల్లోనే అడ్డుకునే పేట్రియాట్ క్షిపణుల కోసం ఇప్పటికీ అమెరికా గుమ్మం ముందే నిలబడుతున్నాం. ఫ్రాన్స్, ఇటలీ కలిసి తయారుచేసే అలాంటి సాంప్-టి గగనతల రక్షణ వ్యవస్థల ఉత్పత్తి ఎప్పటికి, ఎంత పెరుగుతుందో తేదీతో సహా చెప్పండి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు