ఆ పదకొండో పాయింటు కొట్టేయించండి మంత్రిగారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను కోనసీమలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు డిసిప్లిన్ కమిటీలో కూడా ఉన్నాను. ఆ కమిటీలో కూర్చుని ఓ పిల్ల విషయంలో నేను పెట్టిన సంతకం గురించే ఈ ఉత్తరం. మనసులో బరువు దింపుకోవడానికి మాత్రమే కాదండి, మీతో ఓ పనుంది: అడ్మిషన్ రోజున పిల్లల చేత సంతకం పెట్టించుకునే కాగితంలో ఓ పాయింటు కొట్టేయించాలి.

అది మే నెల, డెల్టా కాలువలు కట్టేసిన రోజులు. అప్పుడు మా వైపు మంచినీళ్ల సంగతి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ముందే చెరువుల్లో నింపుకున్న నీళ్లే గతి, రానురాను అవి పచ్చబడి వాసనొస్తాయి. మా గర్ల్స్ హాస్టల్లో ఫిల్టరు పాడై అప్పటికే చాలా రోజులైంది. వార్డెన్‌కి చెప్పారు, ఆవిడ ఆఫీసులో చెప్పింది, ఆఫీసు వాళ్లు చూద్దామన్నారు. సెకండియర్ పిల్ల ఒకతె స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి, ట్యూబ్‌లైటు కింద పెట్టి ఫోన్‌తో వీడియో తీసింది. గ్లాసు అడుగున ఎర్రటి సన్న పురుగులు రెండు మెలికలు తిరుగుతున్నాయి. "మా హాస్టల్ మినరల్ వాటర్" అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. పక్కన నవ్వే బొమ్మ ఒకటి.

తెల్లారేసరికి అది ఊళ్లో సగం ఫోన్లలో ఉంది. అసలే అడ్మిషన్ల సీజను. కరస్పాండెంట్ గారికి బీపీ పెరిగింది. మధ్యాహ్నానికల్లా మమ్మల్ని కూర్చోబెట్టారు.

గంటంబావు కూర్చున్నాం. నీళ్ల గురించి ఒక్కరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడిందల్లా అడ్మిషన్ రోజున ఆ పిల్లా, వాళ్ల నాన్నా సంతకం చేసిన అండర్‌టేకింగ్ గురించే. అందులో పదకొండో పాయింటు ఇలా ఉంటుంది: "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించే విధంగా మాటల ద్వారా గానీ, రాతల ద్వారా గానీ, సోషల్ మీడియా ద్వారా గానీ ప్రవర్తించను. ప్రవర్తించినచో యాజమాన్యం తీసుకొను ఏ చర్యకైనను కట్టుబడి ఉండగలను." వాళ్ల నాన్న కొబ్బరి దింపుకెళ్లే మనిషి. ఆ రోజు ఆయన ధ్యాసంతా రీయింబర్స్‌మెంట్ కాగితాల మీదే ఉండుంటుంది. పదకొండో పాయింటు దాకా ఎవరు చదువుతారండి? ఇన్నేళ్లు ఆ కాలేజీలో ఉండి నేనే చదవలేదు.

హాస్టల్ నుంచి పది రోజులు సస్పెన్షన్, క్షమాపణ పత్రం అని తేల్చాం. సెమిస్టర్ పరీక్షలు నడుస్తున్నాయి. ఆ పిల్ల పది రోజులూ తెల్లారగట్ల బస్సెక్కి వచ్చి పరీక్షలు రాసింది.

క్షమాపణ పత్రం మా ఎదురుగానే రాయించారు. మొదటిసారి ఇలా రాసింది: "హాస్టల్ నీళ్లలో పురుగులున్నాయని, నీళ్లు బాగుచేయమని చెప్పినా చేయలేదని, ఆ నీళ్ల వీడియో స్టేటస్ పెట్టినందుకు క్షమించండి." ప్రిన్సిపాల్ గారు చదివి, ఇది క్షమాపణా, కంప్లయింటా అన్నారు. మళ్లీ రాసింది. "నీళ్ల గురించి వీడియో పెట్టినందుకు" అని ఉంది. నీళ్ల ఊసెందుకు తియ్యమ్మా అన్నారు. అప్పుడా పిల్ల నావైపు తిరిగి, "మరి దేనికి సారీ చెప్తున్నానో రాయక్కర్లేదా మాస్టారండీ?" అనడిగింది. ఎదిరించి అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది. నేను ఫ్యాను వైపు చూశాను. మూడోసారి "నా ప్రవర్తనకు క్షమించగలరు" అని ఒక్క ముక్క రాసిచ్చింది. అది బావుందన్నారు.

రెండు వారాల్లో కొత్త ఫిల్టరొచ్చింది. అంటే వీడియోలో ఉన్నది నిజమేనని కాలేజీ ఒప్పుకున్నట్టే గదా! సస్పెన్షన్ మెమో మాత్రం ఆ పిల్ల ఫైల్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత జరిగింది చెప్తే మీకు అసలు నష్టం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఏడాది నుంచి ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మాకన్నీ ఫుల్ మార్కులే. మెస్ బ్రహ్మాండం, లైబ్రరీ బ్రహ్మాండం, నా క్లాసు కూడా బ్రహ్మాండం (అది నిజం కాదని నాకు తెలుసు). కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్లు విద్యార్థుల్ని నేరుగా అడిగే సర్వే ఒకటుంది కదా, దానికి ఏం జవాబివ్వాలో గ్రూపులో ముందే చెప్పుకున్నారు. మేం చెప్పమనలేదండి. వాళ్లే చెప్పుకున్నారు. టీసీలో కాండక్ట్ దగ్గర ఏం రాస్తారో, ఇంటర్నల్స్ ఎన్ని వేస్తారో అని భయం. కళ్లం తొక్కే ఎద్దుకి చిక్కం కడితే గడ్డి తినకుండా ఉండటానికని అర్థం చేసుకోవచ్చు. దాహమేస్తోందని అరిచిన దూడకి ఎందుకు కట్టాం?

పెద్ద యూనివర్సిటీల్లో ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. ఢిల్లీ జేఎన్‌యూ 2023లో తెచ్చిన నియమాల్లో, వద్దన్న చోట ధర్నాకి కూర్చుంటే 20,000 రూపాయల దాకా జరిమానా పెట్టారు. అక్కడ అడగడానికి ఎన్నికైన విద్యార్థి సంఘం ఉంది, రాయడానికి పేపర్లున్నాయి. మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. మా పిల్లలకున్నది ఆ స్టేటస్ ఒక్కటే.

ఇదే గోదావరి ఒడ్డున ఇలాంటి పని వెనకటికి తెల్లదొరలు చేశారు. 1907 ఏప్రిల్‌లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చి వెళ్లాక విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకొచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కి కోపమొచ్చింది. ఎందరో సస్పెండయ్యారు. టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ఏకంగా తీసేశారు. క్రమశిక్షణ అనే అనుంటాడు హంటరు కూడా. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయన దగ్గర కనీసం బ్యాడ్జీ అనే వస్తువొకటి ఉంది. ఫలానాది పెట్టుకోవద్దు అంటే పిల్లలకి అర్థమైంది, తెలిసే పెట్టుకున్నారు. మా పదకొండో పాయింటులో ఆ మాత్రం కూడా లేదు. ప్రతిష్ఠ అంటే ఏమిటి, భంగం అంటే ఎంత? కరస్పాండెంట్ గారికి ఆ పూట ఏది నచ్చకపోతే అదే.

ఐటీ చట్టంలో చిరాకు పెట్టే మెసేజీ పంపితే జైలన్న 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది ఇందుకే గదా. చిరాకు, అసౌకర్యం లాంటి మాటలకి హద్దేమిటో చెప్పకపోతే ఏది నేరమో ఎవరికీ తెలియదని, ఆ భయంతో మాట్లాడాల్సినవాళ్లు కూడా నోరు మూసుకుంటారని తేల్చింది. పార్లమెంటు చేసిన చట్టంలో చెల్లని మాటలు మా కాలేజీ జిరాక్సు కాగితంలో చెల్లుతున్నాయి. రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యమిచ్చే 19వ అధికరణం ప్రభుత్వానికే వర్తిస్తుంది గానీ ప్రైవేటు కాలేజీకి కాదని యాజమాన్యాల లాయర్లంటారు. సరే అనుకుందాం. కానీ మా డిగ్రీ కాలేజీలకి అఫిలియేషన్ (అనుబంధ గుర్తింపు) ఇచ్చేది నన్నయ యూనివర్సిటీ, ఇంజినీరింగు వాళ్లకి కాకినాడ జేఎన్‌టీయూ. రెండూ ప్రభుత్వానివే.

ఇక మీ ఆఫీసర్లు మీతో అనే మాట నాకు తెలుసు. అమలాపురం సంగతి మర్చిపోయారా అంటారు. మర్చిపోలేదండి. 2022 మే 24న, జిల్లా పేరు మార్పు గొడవలో లేచిన ఆ పొగ మా డాబా మీంచి చూశాను. మంత్రిగారి ఇల్లూ, ఎమ్మెల్యే గారి ఇల్లూ తగలబెట్టారు, మాకు రోజుల తరబడి నెట్ లేదు. ఫోన్లలో తిరిగిన మాట ఎంత పని చేయగలదో మాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కులం పేరు పెట్టి తిట్టినవాణ్ని, ఆడపిల్ల ఫోటో పెట్టి ఏడిపించినవాణ్ని, కొడదాం రమ్మని మెసేజ్ పెట్టినవాణ్ని శిక్షించండి, నేనూ సంతకం పెడతాను. ర్యాగింగ్‌కి మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టముంది. వాటికి వేటికీ పదకొండో పాయింటుతో పనిలేదు. ఆ పాయింటు పనికొచ్చేది నీళ్లలో పురుగున్నప్పుడే.

అందుకని మిమ్మల్ని అడిగేది ఇది. ఉన్నత విద్యామండలి చేత అన్ని యూనివర్సిటీలకీ ఒక సర్క్యులర్ ఇప్పించండి. అండర్‌టేకింగుల్లో "ప్రతిష్ఠకు భంగం", "అనుచిత ప్రవర్తన" లాంటి గాలి మాటలు తీసేసి, ఏ పని చేస్తే ఏ శిక్షో విడివిడిగా రాయకపోతే అఫిలియేషన్ రెన్యువల్ లేదనండి. పిల్లలు చెప్పింది నిజమా కాదా అని ముందు చూసి, నిజమైతే ఫైలు అక్కడే మూసేయాలనండి. చర్య తీసుకునే ముందు ఆరోపణ ఏమిటో కాగితం మీద ఇచ్చి, జవాబుకి టైమివ్వాలి. మా కమిటీ ఆ పిల్లని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న "ఎవరు చెప్తే పెట్టావు?" అని.

యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2023లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. ఇస్తామన్న సదుపాయాలు ఇవ్వకపోతే ఫిర్యాదు చేయొచ్చు, కమిటీ 15 పనిదినాల్లో తేల్చాలి, కాకపోతే పైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు. కానీ ఆ కమిటీలో ఉండేది కాలేజీ మాస్టర్లే. విద్యార్థి ఒకరుంటారు గానీ ప్రత్యేక ఆహ్వానితుడిగా. ఫిర్యాదు చేస్తే మెమో రాదని ఎవరో హామీ ఇస్తే తప్ప ఆ గడప తొక్కేదెవరు? మా కాలేజీలో ఆ కమిటీ పేర్లు నోటీసు బోర్డులో ఉండేవి. నా పేరు అందులోనూ ఉండేది. నేనున్నన్నాళ్లూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. న్యాక్ రిపోర్టులో దాన్ని గొప్పగా రాసుకున్నాం.

మీటింగ్ అయ్యాక అందరూ టీకి లేచారు. చెత్తబుట్టలో పడేసిన మొదటి రెండు క్షమాపణ పత్రాలూ నేను తీసి బ్యాగులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో అప్పుడు తెలియదు. మూడోదాని కాపీ రిటైరయ్యే ముందు ఫైల్లోంచి తీసుకున్నాను. పేరూ, రోల్ నంబరూ చెరిపేసి మూడింటి జిరాక్సులూ ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను. నీళ్లు అన్న మాట మొదటిదాంట్లో మూడుసార్లుంది, రెండోదాంట్లో ఒకసారి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్,
కోనసీమ