మేత్రాణుల డాలు గీసేటప్పుడు

బిడ్డా,

ఫ్లెక్సీ కోసం నువ్వు గీసి పంపిన మేత్రాణుల (బిషప్ గారి) చిహ్నం చూసిన. డాలు లోపల మంచిగొచ్చింది, బయటనే సరిచేయాలె. లోపలి బొమ్మలు ఆ మనిషి భక్తిని బట్టి ఉంటయి. చుట్టూ ఉండేది ఆయన పదవి. అక్కడ మన సొంత కల్పన నడవదు.

ముందు కుచ్చులు లెక్కపెట్టు. మేత్రాణులకు డాలు పైన ఆకుపచ్చ టోపీ, దాని తాడుకు రెండు దిక్కుల ఆరేసి కుచ్చులు: పైన ఒకటి, కింద రెండు, ఆ కింద మూడు. నువ్వు అందం కోసం నాలుగో వరుస వేసినవ్. దాంతో దిక్కుకు పది అయినయి, అది అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) లెక్క. పూల అంతోని గారు 2008లో కర్నూలు మేత్రాణులైనప్పుడు ఆయన హోదాకు 12 కుచ్చులు. 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా నియమించినప్పుడు 20. 2022లో కార్డినల్ అయినంక టోపీ ఎరుపు, కుచ్చులు 30. ఒక్క వరుస తప్పితే మనిషి పదవే మారిపోతది.

డాలు వెనక నిలబడే సిలువకు ఒకటే అడ్డకర్ర. రెండు అడ్డకర్రలు అగ్రపీఠాధిపతులకే. సిలువ మీద యేసు స్వరూపం వెయ్యొద్దు. నెట్‌ల దొరికిన పాత బొమ్మ చూసి మైటర్ (బిషప్‌ల పొడుగు కిరీటం), కాపరి కర్ర కూడా పెట్టినట్టున్నవ్, తీసెయ్యి. 1969 మార్చి 31న రోము ఇచ్చిన ఆదేశం మేత్రాణుల చిహ్నంల ఆ రెండూ వద్దన్నది.

రంగుల దగ్గర ఒక్క సూత్రం చాలు. బంగారు, వెండి ఒక జట్టు. అచ్చుల పసుపు, తెలుపు అన్నమాట. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఊదా ఇంకో జట్టు. ఒకే జట్టు రంగులు ఒకదాని మీద ఒకటి పడొద్దు. నీలం మీద నీ ఆకుపచ్చ వరికంకి దగ్గరికెళ్లి చూస్తే బాగుంటది గానీ, గడియారం సెంటర్ల కడితే రోడ్డు మీది నుంచి కనబడదు. బంగారు రంగు వెయ్యి. జోజప్పగారి (యేసును పెంచిన తండ్రి) లిల్లీ అంటే మార్కెట్ల మూరల లెక్క అమ్మేది కాదు, ఆరు రేకులు విచ్చుకున్న పెద్ద తెల్ల పువ్వు. చిన్నగ గీస్తే ఏ పువ్వైనా గుర్తుపట్టరు. పోప్ ఫ్రాన్సిస్ గారి డాలు మీది జటామాంసిని (సువాసన మొక్క) చానమంది ద్రాక్షగుత్తి అనుకున్నరు.

కుడి, ఎడమలు డాలు పట్టుకున్న మనిషి దిక్కు నుంచి లెక్క. డాలు నిలువుగ రెండు భాగాలైతే మేత్రాసనం (ఆయన ఏలే డయాసిస్) గుర్తులు ఆయనకు కుడికి, అంటే చూసే మనకు ఎడమకు రావాలె. గేటుకు రెండు దిక్కుల జోడీగ ఉండాలని ఫ్లెక్సీ షాపోళ్లు ఒక బొమ్మను తిప్పి కొడ్తరు. వద్దని ముందే చెప్పు.

కింద రిబ్బన్ ఇంకొంచెం వెడల్పు చెయ్యి, వాక్యంల ఒత్తులు అంచుకు తగిలి తెగుతున్నయి. అను ఫాంట్ వాడినవ్ గదా, అక్షరాలను కర్వ్స్‌లకు (బొమ్మ గీతలుగ) మార్చి ఇయ్యి. లేకపోతే వాళ్ల సిస్టంల ఆ ఫాంట్ లేకుంటే పిచ్చి అక్షరాలొస్తయి. ప్రింటుకిచ్చే ముందు బిషప్ హౌస్‌ల ఒకసారి చూపించు.

మీ నాయిన